రీల్ డెక్‌లో పాట మసకగా వినిపిస్తోందా?

రెండు చక్రాల మధ్య టేపు తిరిగే పాత రీల్ టు రీల్ డెక్‌లో పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపిస్తే, వెంటనే మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లకండి. ముందు హెడ్‌ల (టేపులోని పాటను చదివే భాగాల) మీది మూత తీసి చూడండి. టేపు రాసుకునే చోట గోధుమరంగు పొర కనిపిస్తే, అది టేపు నుంచి రాలిన ఐరన్ ఆక్సైడ్. అంత సన్నని పొర చాలు, టేపును హెడ్‌కి సరిగా ఆననివ్వకుండా తాళాల చప్పుడు లాంటి సన్నటి శబ్దాలన్నీ మింగేయడానికి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి, పుల్లకి మరక అంటడం ఆగేదాకా తుడవండి. టేపును లాగే సన్నటి లోహపు కడ్డీ, అదే క్యాప్‌స్టన్, దానికి కూడా అంతే. టేపును ఆ కడ్డీకి నొక్కిపట్టే రబ్బరు పించ్ రోలర్‌కి మాత్రం ఆల్కహాల్ వద్దు, పాత రబ్బరు ఎండి పగలొచ్చు. కాస్త సబ్బునీళ్లలో తడిపిన గుడ్డ చాలు. పూర్తిగా ఆరాకే టేపు ఎక్కించండి. నేను ఓసారి ఆగలేక ఎక్కించేశాను, టేపు రోలర్‌కి చుట్టుకుపోయింది.