రాత్రికి ఏం వండాలి? మా ఇంట్లో కుదిరిన పద్ధతి

సాయంత్రం ఆరు దాటితే "ఏం చేయను?" అని నేను అడగడం, "ఏదో ఒకటి" అని జవాబు రావడం, చివరికి ఎనిమిదింటికి బయటి నుంచి తెప్పించుకోవడం. వారం మెనూ రాసి ఫ్రిజ్‌కి అంటించడం, యాప్‌లు, ఆదివారమే కూరలన్నీ తరిగిపెట్టడం, ఏవీ నిలవలేదు.

కుదిరింది ఇది. ఇంటికి రాగానే ఎవరినీ అడగకుండా, ఫ్రిజ్ కూడా తెరవకుండా, ముందు కందిపప్పు కడిగి నానబెడతాను. అరగంటయ్యాక బియ్యం గిన్నెతో పాటు కుక్కర్లో పెట్టేస్తాను. పప్పులో పసుపు మాత్రమే, చింతపండు అప్పుడే వేస్తే పులుపుకి పప్పు సరిగ్గా ఉడకదు. కుక్కర్ స్టవ్ ఎక్కాకే ఫ్రిజ్ తెరిచి, ఏది ముందు పాడయ్యేలా ఉందో అదే తీస్తాను: తోటకూరో పాలకూరో ఉంటే అదే, లేదంటే బీరకాయ. టమాటా, దోసకాయ, సొరకాయ ఇంకో రోజు ఆగుతాయి. అది విడిగా మగ్గాక చింతపండు రసం, ఉప్పు, మెదిపిన పప్పు కలిపి, వెల్లుల్లి ఇంగువ పోపు. ఇక టెన్షన్ లేదు, నిజంగా హాయిగా ఉంది.

మేం రాత్రి అన్నమే తింటాం కాబట్టి నడుస్తోందేమో. చపాతీలు తినేవాళ్లకి ఇదే వరస పనిచేస్తుందో లేదో చెప్పలేను. నానబెట్టే టైం లేకపోతే పెసరపప్పుతో చూడండి, త్వరగా ఉడుకుతుంది.