వరికుచ్చు దగ్గర పిచ్చుకల ఫొటోలు

పెరట్లో పిట్టల ఫొటోలు బాగా రావాలంటే ముందు చూసుకోవాల్సింది కెమెరా కాదు, కొమ్మ.

పళ్లెంలో గింజలు పోస్తే పావురాలు వచ్చి కూర్చుంటాయి, పిచ్చుకలకు చోటు దొరకదు. గోదావరి జిల్లాల్లో గుమ్మాలకు కట్టే వరికుచ్చు ఇందుకు మేలు. సన్నటి తాడుతో ఆరేడు అడుగుల ఎత్తున, ముక్కుకు అందేంత దగ్గర్లో ఏ ఆసరా లేకుండా వేలాడదీయండి. పిచ్చుక కంకిని పట్టుకుని ఊగుతూనే తింటుంది. బరువైన పావురానికి అది చేతకాదు. రాలిన గింజల్ని సాయంత్రం ఊడ్చెయ్యకపోతే ఎలుకలు చేరతాయి. వానకు తడిసి బూజు పట్టిన కుచ్చు ఇక పనికిరాదు, తీసి పారెయ్యాలి. పిల్లి నక్కే పొదలకు కనీసం ఆరడుగులు ఎడం ఉంచండి.

కుచ్చు మీదే ఫొటో తీస్తే గోధుమరంగు పిట్ట గడ్డిలో కలిసిపోతుంది. అందుకని కుచ్చుకు అడుగున్నర పక్కగా బొటనవేలంత లావు జామకొమ్మ కట్టండి. వంతు కోసం ఆగే పిచ్చుకలు దానిమీద వాలతాయి. కొమ్మ కెమెరాకు అడ్డంగా ఉండాలి, మీవైపు పొడుచుకొస్తే సగం మసకగా పడుతుంది. వెనకున్న చెట్లు కొమ్మకు పది పన్నెండు అడుగుల దూరంలో ఉంటే మెత్తటి పచ్చరంగుగా మారిపోతాయి. గోడ దగ్గరగా ఉంటే దాని మీది మరకలన్నీ ఫొటోలోకి వస్తాయి.

ఉదయం 6:30 నుంచి 8:30 వరకు, ఎండ మీ వీపు మీద పడేలా కూర్చోండి. 300 ఎంఎం లెన్స్‌తో (దూరంవి దగ్గరగా చూపేది) పది పన్నెండు అడుగుల దూరం చాలు. అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 6.3, షట్టర్ 1/1000 సెకను, ఆటో ఐఎస్ఓ (వెలుతురును బట్టి కెమెరా తనే మార్చుకునే సున్నితత్వం) పరిమితి 3200. కూర్చున్న పిట్టే కదా అని షట్టర్ 1/250కి దించితే, పిచ్చుక తల విదిలించినప్పుడల్లా ముఖం చెదురుతుంది. ఫోకస్ కంటి మీదే ఉండాలి.

ఫోన్ అయితే జూమ్ జోలికి పోవద్దు. కొమ్మకు రెండడుగుల్లో ట్రైపాడ్ మీద పెట్టి బ్లూటూత్ రిమోట్‌తో నొక్కండి. రెండ్రోజుల ముందే అక్కడ ఖాళీ డబ్బా ఒకటి పెడితే పిట్టలకు బెదురు పోతుంది.

పిగిలిపిట్ట (బుల్‌బుల్) వడ్లకు రాదు. దానికి బొప్పాయి ముక్కో, రెండంగుళాల లోతు మట్టి మూకుడులో నీళ్లో కావాలి. మధ్యలో ఒక రాయి పెట్టి, నీళ్లు రోజూ మార్చండి, లేదంటే దోమలు పెరుగుతాయి.

చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో లెక్క ఎక్కించేవాళ్లు 15 నిమిషాలు కదలకుండా చూసి, ఒకేసారి కనిపించిన గరిష్ఠ సంఖ్య రాయాలి. ఐదు పిచ్చుకలు వెళ్లాక ఆరు వస్తే పదకొండు కాదు, ఆరే. అయితే గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగవి మూడు వెళ్లాక ఆడవి నాలుగు వస్తే మాత్రం ఏడని రాయొచ్చు.