వర్తక సంఘంలో సభ్యత్వం: కట్టిన చందా రాబట్టుకోవడం ఎలా?

"సంఘంలో చేరి మూడేళ్లయింది, ఒరిగిందేమీ లేదండీ" అని నెలకొకరైనా మా కొట్టు మెట్ల మీద నిలబడి వాపోతారు. ఆ మూడేళ్లలో ఎన్ని సమావేశాలకు వచ్చారని అడిగితే దీపావళి విందు ఒక్కటే లెక్కకొస్తుంది. పాతికేళ్లుగా మా ఊరి వర్తక సంఘంలో సభ్యుణ్ని. అందులో నాలుగేళ్లు సహాయ కార్యదర్శిగా మినిట్స్ పుస్తకం, అంటే సమావేశంలో జరిగింది నమోదు చేసే పుస్తకం, నేనే రాశాను. చందా కట్టి దాన్ని ఎలా వృథా చేసుకుంటారో ఆ నాలుగేళ్లలో కళ్లారా చూశాను కాబట్టి, వృథా కాకుండా ఏం చేయాలో చెబుతున్నాను. గుంటూరు పట్నం బజారైనా, హైదరాబాద్ బేగంబజారైనా, కూడలిలో నలభై కొట్లున్న మండల కేంద్రమైనా పద్ధతి ఒకటే.

కావలసినవి

రెండు వందల పేజీల నోటు పుస్తకం, ఒక ఫైలు, నెలకు ఒక సాయంత్రం. కొట్టు చూసుకోవడానికి ఆ సాయంత్రం ఇంట్లోవాళ్లో గుమాస్తానో ఉండాలి. అంతే.

చేరడం

ఊళ్లో సాధారణంగా మూడు రకాల సంఘాలుంటాయి. అన్ని వ్యాపారాలకూ కలిపి ఒక చాంబరు, కిరాణా, బట్టలు, మందులు, బంగారం అంటూ దేనికదే ఒక సంఘం, చివరికి వీధి సంఘం. మీ వ్యాపారపు సంఘంలోనూ చాంబరులోనూ చేరండి. వీధి సంఘంలో మీరు చేరకపోయినా వాళ్లే వచ్చి చేర్చుకుంటారు. ఎగుమతులున్నవాళ్లకు రాష్ట్ర స్థాయి సంస్థ అవసరం. సరుకు ఎక్కడ పుట్టిందో తెలిపే ధ్రువపత్రం లాంటివి 1917లో మొదలైన హైదరాబాదు ఫెడరేషన్ (ఎఫ్‌టీసీసీఐ) వంటివి ఇస్తాయి. మిగతావాళ్లకు ఊరి సంఘం చాలు.

ఎన్నికలున్న ఏడాది మాత్రం చేరకండి. ఏ వర్గం తరఫున వచ్చారోనని అందరూ అనుమానంగా చూస్తారు. కొత్త కార్యవర్గం కూర్చున్న రెండో నెలలో చేరండి. చందాకు రసీదు తీసుకోండి, అది వ్యాపార ఖర్చు కింద చూపించుకునేది. నియమావళి ప్రతి ఒకటి అడిగి పుచ్చుకోండి. చాలా సంఘాలు 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదైనవే, కాబట్టి నియమావళి లేని సంఘం ఉండదు. బీరువా తాళం దొరకలేదంటారు. మళ్లీ వెళ్లండి.

మొదటి ఆరు నెలలు

వేదిక ఎక్కకండి, అధ్యక్షుడితో ఫొటో దిగకండి, మూడేళ్ల దాకా ఏ పదవీ ఒప్పుకోకండి. కొత్తవాళ్లకు కోశాధికారి పదవి అంటగట్టడం మా ఊళ్లోనే కాదు, అన్ని ఊళ్లలోనూ ఆచారం. రెండో వరుసలో కూర్చోండి. మొదటి వరుస పెద్దలది, వెనక వరుస ఫోన్లు చూసుకునేవాళ్లది.

ఆఫీసులో పరిచయం చేసుకోవలసింది అధ్యక్షుణ్ని కాదు, గుమాస్తాను. అధ్యక్షులు రెండేళ్లకోసారి మారతారు, గుమాస్తా మారడు. ఏ కాగితం ఏ బీరువాలో ఉందో, ఏ ఆఫీసులో ఏ రోజు అధికారి దొరుకుతాడో చెప్పగలిగేది ఆయనే. ఆయన దగ్గర ఈ మూడూ అడగండి: హమాలీ ముఠాతో కుదిరిన కూలి రేట్ల ఒప్పందం నకలు, తూనికలు కొలతల శాఖ వాళ్లు సంఘం ఆవరణలో ముద్రలు వేసే తేదీలు, ఈ ఏడాది సెలవుల జాబితా. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి, తూకపు రాళ్లకు రెండేళ్లకోసారి ముద్ర వేయించాలి. సంఘం శిబిరంలో అది గంట పని. ఒక్కరే వెళితే రోజు కొట్టు మూసుకోవాలి. ఒప్పందం నకలు గోడకు అతికిస్తే లారీ వచ్చిన ప్రతిసారీ బస్తాకు ఎంతనే గొడవ ఉండదు. "చందాలు సంఘం ద్వారా మాత్రమే" అన్న బోర్డు ఉంటే అదీ అడిగి తెచ్చుకోండి. వినాయక చవితి నెలలో అది చేసే మేలు ఏడాది చందాకు సరిపోతుంది.

ఆడిటర్లను పిలిచి పెట్టే సదస్సులు మానకండి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు, పాత ఎమ్మార్పీ ముద్రించిన సరుకు ఏం చేయాలో తెలియక బజారంతా తలపట్టుకుంది. సంఘం హాల్లో కూర్చున్నవాళ్లకు ఒక్క సాయంత్రంలో సంగతి తేలిపోయింది. మరో ఉదాహరణ. ఉద్యం పేరిట ప్రభుత్వం దగ్గర నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా బాకీ తీర్చకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో ఒప్పుకోబోమనే పన్ను నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు పదిహేను రోజులే. "నాకూ ఉద్యం నమోదుంది, నాకూ 45 రోజుల్లో ఇవ్వాల్సిందే" అని మా వీధిలో సగం మంది కొనుగోలుదార్లతో తగవు పెట్టుకున్నారు. కొని అమ్మే వర్తకులకు 2021లో ఉద్యం నమోదు అవకాశం ఇచ్చింది బ్యాంకు రుణాల ప్రాధాన్యం కోసమే. ఆ గడువు రక్షణ తయారీదార్లకూ సేవలందించేవాళ్లకూ మాత్రమే. సదస్సుకు వచ్చి ఉంటే ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు ఖాతాదార్లు మిగిలేవారు.

అసలు పని: మీ సమస్యను సంఘం చేత ఎత్తించడం

ఇక్కడే నూటికి తొంభై మంది చెడగొట్టుకుంటారు. నెమ్మదిగా చదవండి.

మా బజారులో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు అబ్బాయి ఒకతను ఉన్నాడు. పగటిపూట లారీలు రాకూడదన్న ఆంక్ష కొత్తగా వచ్చింది. అతని సరుకు బండి కొట్టు ముందే పట్టుబడి జరిమానా పడింది. సర్వసభ్య సమావేశంలో లేచి పది నిమిషాలు ఆవేశంగా మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. అధ్యక్షులు "తప్పకుండా చూద్దాం" అన్నారు. ఆ రోజు మినిట్స్ రాసింది నేనే. అందులో అతని గురించి ఒక్క అక్షరం లేదు. రాయడానికేముంది? ఎవరిని ఏం అడగాలో అతను చెప్పలేదు. పైగా మాట్లాడింది ఎజెండాలో చిట్టచివరి అంశం కింద, "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" అనేదాని కింద. అప్పటికి ఇడ్లీ, వడ ప్లేట్ల చప్పుడు వినిపిస్తుంటుంది, సగం మంది లేచి నిలబడి ఉంటారు. ఆ అంశం కింద చెప్పిన మాట గాలికి చెప్పినట్టే.

కాబట్టి మొదటి జాగ్రత్త: మీ విషయం ఎజెండాలో అంకె వేసి ఉండాలి. అందుకు సమావేశానికి పది రోజుల ముందు, నోటీసు అచ్చుకు వెళ్లకముందే, కార్యదర్శి చేతికి కాగితం అందాలి. ఫోన్లో చెప్పడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం అందించినట్టు కాదు. వాట్సాప్‌లో పెడితే కింద పదహారు నమస్కారాల బొమ్మలు వస్తాయి, అక్కడితో సరి.

రెండో జాగ్రత్త: "నా" అనే మాట కాగితంలో ఎక్కడా ఉండకూడదు. నోటు పుస్తకం పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. ఎన్ని కొట్లకు ఇదే ఇబ్బంది ఉందో రాసుకోండి. కనీసం పది సంతకాలు చేయించండి. పదకొండైతే ఇంకా మంచిది, అదేమిటో పదికి లేని బలం పదకొండుకు ఉంటుంది. మొదటి సంతకం మీ పోటీదారుడిది కావాలి. మీతో ధరల్లో కొట్లాడే ఎదుటి కొట్టాయన సంతకం పైన ఉంటే, ఇది మీ సొంత గోల కాదని కార్యవర్గానికి ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. ఆయన్ను అడగడానికి మొహమాటపడేవాళ్లకు నా సలహా ఒకటే: పొద్దున్నే, బోణీ అయ్యాక వెళ్లండి. బోణీకి ముందు వెళితే ఎవరూ సంతకం పెట్టరు.

ఇది నేను అనుభవం మీద చెబుతున్నాను. మొదట్లో నా కొట్టు ముందున్న మురుగు కాలువ గురించి ఒక్కణ్నే అర్జీ రాసుకుని వెళ్లాను. "కాలువ మీద మెట్లు కట్టింది మీరే కదా" అని ఒక పెద్దాయన అన్నారు. హాలంతా నవ్వింది. నిజంగానే కట్టాను. మీ లైసెన్సు గడువు దాటిపోయినా, అరుగు రోడ్డు మీదకు జరిగినా, ముందు అది సరిచేసుకుని తర్వాత సంఘం గడప తొక్కండి.

మూడో జాగ్రత్త, అన్నిటికంటే ముఖ్యం: అడిగేది ఒక్కటే ఉండాలి, దాన్ని ఇవ్వగల అధికారి ఎవరో ముందే తెలియాలి. లారీల వేళలు ట్రాఫిక్ పోలీసుల పని. కాలువలు, చెత్త, ట్రేడ్ లైసెన్సు మున్సిపాలిటీ పని. వోల్టేజీ తగ్గిందంటే విద్యుత్ పంపిణీ సంస్థ. అన్నీ కలిపి ఒకే వినతిపత్రంలో రాసి "మాన్యశ్రీ కలెక్టరు గారికి" అని పంపేవాళ్లను ఏం చేయాలో నాకు తెలియదు. ఆ కాగితం నాలుగు ఆఫీసులు తిరిగి మూడు నెలలకు "తగు చర్య నిమిత్తం" అని మన సంఘానికే తిరిగొస్తుంది.

నాలుగోది: తీర్మానం మాటలు మీరే రాసుకెళ్లండి. మరుసటి నెల ఆ ప్లాస్టిక్ కొట్టు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని రాయించింది ఇది: "గడియార స్తంభం నుంచి పాత బస్టాండు వరకు ఉన్న దుకాణాలకు సరుకు దించుకొనుటకు, మధ్యాహ్నం 1 నుంచి 3 గంటల వరకు చిన్న లారీలను అనుమతించవలసినదిగా ట్రాఫిక్ పోలీసు అధికారులను కోరవలెనని, ఇందుకు ముగ్గురు సభ్యులు స్వయంగా వెళ్లి కలవవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంత బండి, ఎవరిని, ఎవరు వెళ్లాలి, అన్నీ అందులో ఉన్నాయి. రోజంతా అనుమతి అడగలేదు చూశారా? రెండు గంటలు అడిగితే ఇస్తారు. రోజంతా అడిగితే ఆ రెండు గంటలూ పోతాయి.

అధికారి పేరు గానీ, కానిస్టేబులు డబ్బులడిగాడన్న ఆరోపణ గానీ ఈ కాగితంలో పెట్టవద్దు. అది వేరే ఫిర్యాదు, వేరే చోట ఇవ్వాల్సింది. ఇందులో కలిపితే మీ రెండు గంటలు మరిచిపోయి అందరూ ఆ గొడవ పట్టుకుంటారు.

ఐదోది: తీర్మానం అయిపోయిందని ఫలహారానికి పరుగెత్తకండి. మినిట్స్ పుస్తకంలో అది ఎక్కే దాకా అక్కడే నిలబడండి. "రేపు రాసుకుంటాం" అంటారు. నేనూ అన్నాను, రేపు రాసేటప్పుడు రెండు గంటలు కాస్తా "కొంత సమయం" అయిపోతుంది. మీ కళ్లముందే రాయించి, అధ్యక్షుల సంతకం పడ్డాక ప్లేటు అందుకోండి. వడ చల్లారినా ఫర్వాలేదు.

వారానికోసారి తెల్లవారుజామునే హోటల్లో కలిసి, ఫలహారం చేస్తూ ఒకరి పేరు ఒకరికి సిఫారసు చేసుకునే క్లబ్బులు ఇప్పుడు మా ఊరికీ వచ్చాయి. కుర్రవాళ్లు వేలకు వేలు కడుతున్నారు. ఇంటీరియర్ పనులు చేసేవాళ్లకు, బీమా వాళ్లకు అవి పనికొస్తాయేమో. పప్పులు, నూనెలు అమ్మే నాకు ఒకరు సిఫారసు చేసేదేముంది? ఆ క్లబ్బు లారీ వేళలు మార్పించలేదు, ముఠా మేస్త్రితో కూర్చుని రేటు తెగ్గొట్టనూ లేదు.

బాకీల సంగతి

పొరుగూరి కొట్టాయన కొత్తగా అరువు అడుగుతుంటే సంఘంలో విచారించడం మంచి అలవాటు. "మనిషి మంచివాడేనా?" అని అడగకండి. అందరూ మంచివాడే అంటారు. "మీకు చెక్కు ఎన్ని రోజులకు వస్తోంది?" అని ముగ్గురిని విడివిడిగా అడగండి. ఇరవై రోజులు కాస్తా నలభై, నలభై కాస్తా డెబ్భై అయిందని ముగ్గురూ చెప్పారంటే, ఆయన ఐపీ (దివాలా పిటిషన్) పెట్టే రోజు ఎంతో దూరం లేదు. ఐపీ పెట్టాక కోర్టు చుట్టూ తిరిగే అప్పిచ్చినవాళ్ల జాబితాలో మీ పేరు చేరకుండా ఆ ఒక్క ప్రశ్న కాపాడుతుంది. ఇదంతా నోటిమాటగా, ఎదురెదురుగా జరగాలి. గ్రూపులో ఎవరి పేరైనా రాసి "జాగ్రత్త" అని పెట్టారంటే పరువు నష్టం కేసులో సంఘం మీకు అండగా రాదు, రాకూడదు కూడా.

తీర్మానం తర్వాత

వినతిపత్రం రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని ఫైల్లో పెట్టండి. వెళ్లే ముగ్గురిలో మీరుండాలి, కానీ మాట్లాడేది కార్యదర్శి కావాలి. పదిహేను రోజులు ఆగి, అదే నకలు పట్టుకుని మళ్లీ వెళ్లండి. మేము మూడుసార్లు వెళ్లాం. మూడోసారి ఆ అధికారి మా ఫైలు అట్ట చూసి తానే కుర్చీ చూపించారు. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట కాగానే మా వీధిలో చిన్న లారీలు వరుసగా దిగుతాయి. ఆ ప్లాస్టిక్ కొట్టు అబ్బాయి ఈసారి కోశాధికారిగా నిలబడమంటున్నారని నిన్న వచ్చి అడిగాడు. మూడేళ్లు కాలేదు కదా, వద్దన్నాను.