పిల్లలకి పుట్టగొడుగులు చూపిస్తున్నారా? ముందు కాడ మొదలు చూపించండి

మొన్న వాన పడ్డాక మా కాలనీ పిల్లల గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. పార్కు లాన్‌లో మొలిచిన తెల్లటి పెద్ద గొడుగు, పైనుంచి తీసింది. "ఆంటీ, ఇది తినేదేనా?" అని ప్రశ్న. నేను చూసేలోపే పెద్దవాళ్లు కొందరు తినేదే అనేశారు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు.

నన్ను ఎక్కువగా భయపెట్టే తప్పు ఒకటుంది. పిల్లలు గొడుగు పట్టుకుని పుటుక్కున తుంచేస్తారు. కాడ మొదలు మట్టిలోనే ఉండిపోతుంది. అసలు గుర్తు ఉండేది అక్కడే. కాలేయాన్ని చంపే అమానిటా అనే విషపు పుట్టగొడుగులకి మొదట్లో పగిలిన గుడ్డు పెంకులాంటి సంచి ఉంటుంది. పుట్టల మీద మొలిచే, మనవాళ్లు తినే టెర్మిటోమైసిస్ అనే పుట్టగొడుగుకి చెదల గూటిదాకా దిగిన పొడవాటి తోక ఉంటుంది. పైనుంచి చూస్తే రెండూ గొడుగులే! అందుకే చిన్న కర్రతో చుట్టూ మట్టి వదులు చేసి మొత్తంగా పైకి తీయించండి. మొదలు లేనిదానికి పేరు పెట్టనివ్వకండి.

లాన్లలో వచ్చే క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్ అనే విషపు పుట్టగొడుగు ఇంకో మోసం. లేతప్పుడు గిల్స్ (గొడుగు అడుగున ఉండే రేకులు) తెల్లగానే ఉంటాయి, ముదిరాక ఆకుపచ్చగా మారతాయి. తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు. ముదిరిన టోపీ కోసి, సగం తెల్ల సగం నల్ల కాగితం మీద గిల్స్ కిందికి ఉండేలా పెట్టి, గ్లాసు బోర్లించి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి ఆకుపచ్చటి పొడి రాలి ఉంటుంది. అమానిటా పొడి తెల్లగా ఉంటుంది, నల్ల సగం మీదే కనిపిస్తుంది. పిల్లలు దీన్ని మర్చిపోరు.

హైదరాబాద్ ప్రాంతంలోని కేబీఆర్, మృగవని నేషనల్ పార్కులు. అక్కడ ఏదీ పీకొద్దు, బొమ్మ గీసుకుని రండి.

పుట్టలో చెయ్యి పెట్టనివ్వొద్దు, పాములుంటాయి. షూ లేకుండా గడ్డిలోకి వద్దు. ఒక్కోదాన్ని విడిగా కాగితపు కవర్లో వేయండి, ప్లాస్టిక్‌లో చెమ్మకి కుళ్లిపోతుంది. ముట్టుకుంటే విషం ఎక్కదు, ఊరికే భయపెట్టొద్దు. నోట్లో మాత్రం పెట్టనివ్వొద్దు. విషముంటే వెండి స్పూన్ నల్లబడుతుందన్న పరీక్ష అబద్ధం. పురుగు తింటే మనమూ తినొచ్చన్నదీ అబద్ధం. ఉడికించినా అమానిటా విషం పోదు. యాప్ చెప్పిన పేరు నమ్మొద్దు. మొదలు చూడందే ఏ పేరూ వద్దు. తెచ్చినది ఒక్కటి కూడా వంటింట్లోకి రాకూడదు.

ఎవరైనా తింటే 108కి ఫోన్ చేయండి. మిగిలిన ముక్క పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. వాంతులయ్యేదాకా ఆగొద్దు, అమానిటా విషం మామూలుగా 6 గంటలు దాటాకే బయటపడుతుంది. మర్నాడో ఆ పైనాడో పిల్ల లేచి కూర్చుని ఆకలంటుంది. అప్పుడు కూడా డిశ్చార్జ్ అడగొద్దు, లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది.