గంజాయి అలవాటు కేసు దాకా వెళ్లకముందే ఇంట్లో చేయాల్సినవి

పిల్లాడు గంజాయి తాగుతున్నాడని తెలియగానే ఇంట్లోవాళ్లు కళ్లు ఎర్రబడ్డాయా, చొక్కా వాసన వస్తోందా అని చూస్తారు. అంతకన్నా ముందు చూడాల్సింది అప్పు. ఇంట్లో చిల్లర మాయమవుతుంది, ఫోను అమ్ముడవుతుంది, బండి తాకట్టుకు పోతుంది. చివరికి సరుకిచ్చేవాడే "నర్సీపట్నం నుంచి ఒక బ్యాగు తెచ్చిపెట్టు, బాకీ కొట్టేస్తా" అంటాడు. పాడేరు, చింతపల్లి కొండల నుంచి సరుకు దిగే దారి విశాఖకు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఆ మాటకు లొంగడం ఎంతసేపు!

బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు ఎన్ని కిలోలున్నాయో మోసేవాడికి ఎవరూ చెప్పరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) చూసేది ఆ తూకాన్నే. గంజాయి 1 కిలో వరకు ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆపైన 20 కిలోల వరకు పదేళ్ల దాకా. 20 దాటితే పదేళ్లకు తక్కువ పడదు, బెయిలూ కష్టమే.

అందుకే "తాగావా?" అని నిలదీయకండి, "ఎవరికెంత ఇవ్వాలి?" అని అడగండి. మత్తు దిగాక, పొద్దున పూట, ఇంట్లో ఒక్కరే అడగాలి. చెప్పింది కాగితం మీద రాయండి. తాకట్టు మీరే వెళ్లి విడిపించండి. డబ్బు అతని చేతికిస్తే మళ్లీ పొట్లానికే పోతుంది. అమ్మేవాడు బెదిరిస్తే బేరానికి దిగకుండా ఏపీ పోలీసుల మత్తు పదార్థాల నిరోధక విభాగం 'ఈగల్' నంబరు 1972కు చెప్పండి.

గంజాయి మానేశాక ఒకటి రెండు రోజుల్లో చిరాకు మొదలవుతుంది. నిద్ర ఉండదు, అన్నం సయించదు. మొదటి వారం మరీ గడ్డు. గొడవలు ముదిరేది అప్పుడే కాబట్టి నగలు, నగదు, బండి తాళం ముందే దాచేయండి. గదిలో పెట్టి గడియ వేయడం మాత్రం పెద్ద తప్పు. నిద్రమాత్రలో, మితిమీరిన మద్యమో కూడా అలవాటుంటే ఒక్కసారిగా ఆపినప్పుడు ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. వాటిని డాక్టరు చూస్తుండగానే మాన్పించాలి. చేతుల మీద సూది గుర్తులుంటే హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలూ చేయించండి.

విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎటు వెళ్లాలో తోచకపోతే ఉచిత నంబరు 14446 ఉంది. వాడకం కేసైనా, 1 కిలో లోపు కేసైనా, వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట చికిత్సలో చేరితే అదే చట్టంలోని 64ఎ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. మొదటి రోజు ఓపీ చీటీ నుంచి డిశ్చార్జి కాగితం వరకు అన్నీ ఒకే కవర్లో ఉంచండి, లాయరు ముందు అడిగేది వాటినే.