పాత కారు వైరింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఎర్త్

పోయిన పాఠంలో ఫ్యూజుల పని పూర్తి చేశాం. ఫ్యూజులు బాగున్నాయి, బల్బు కొత్తది, బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది. అయినా హెడ్‌లైటు కిరసనాయిలు బుడ్డిలా వెలుగుతుంటే? ఈ పాఠమంతా దాని గురించే. విశాఖలో పాత అంబాసిడరో, పద్మినీయో ఉంచుకున్నవాళ్లకు మిగతా పాఠాలన్నిటికంటే ఇదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

కారులో బ్యాటరీ నుంచి బల్బు దాకా కరెంట్ వైరులో వెళ్తుంది. తిరిగి వచ్చేది మాత్రం కారు రేకులోంచే; ఆ తిరుగు దారినే ఎర్త్ అంటాం. అంటే ఎర్త్ వైరును రేకుకు బిగించిన ప్రతి బోల్టూ ఆ దారిలో భాగమే. మన ఊళ్లో సముద్రపు గాలి ఉప్పు తేమను బానెట్ కిందికి మోసుకొస్తుంది. ఇనుము తుప్పు పడుతుంది, రాగి చిలుము పడుతుంది. బీచ్ రోడ్డు వైపు ఆరుబయట కారు పెట్టేవాళ్లకు ఈ బెడద మరీ ఎక్కువ.

మా ఇల్లు పెదవాల్తేరులో. నాన్నగారి అంబాసిడర్‌కు ఎడమ హెడ్‌లైటు మందగించింది. ఒక షాపులో బల్బు మార్చారు, తర్వాత స్విచ్ మార్చారు, చివరికి వైరింగ్ మొత్తం పీకేసి కొత్తది వేయాలన్నారు. నాన్నగారు దాదాపు సరే అనేశారు. ఆ ఆదివారం నేను మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను.

చేసింది ఇది. ఇంజన్ ఆపి ఉంచి, హెడ్‌లైట్లు వేశాను. మీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టాను. మీటర్ నల్ల వైరు చివరనున్న ముల్లు బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద ఆనించాను. క్లాంపు మీద కాదు, సీసం స్తంభం మీదే ఆనించాలి. క్లాంపుకు, స్తంభానికి మధ్య కూడా చిలుము ఉండొచ్చు కదా. ఎర్ర ముల్లు హెడ్‌లైటు ఎర్త్ పిన్ను మీద పెట్టాను. అక్కడ 0.2 వోల్టు లోపు ఉండాలి. నాకు 1.9 వచ్చింది. అంటే బల్బుకు చేరాల్సిన వోల్టేజీలో అంత భాగం ఎర్త్ దారిలోనే పోతోంది. వోల్టేజీ కొంచెం తగ్గినా వెలుగు చాలా తగ్గిపోతుంది. ఇంత పోతే వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది.

తర్వాత ఎర్ర ముల్లును ఒక్కో మెట్టూ వెనక్కి జరుపుతూ వచ్చాను. ఎర్త్ వైరు చివరనున్న లగ్గు (బోల్టు కింద బిగించే లోహపు ముక్క) మీద 1.8. దాని కిందనే రేకును కాస్త గీకి పెడితే 0.1. దొంగ దొరికాడు. లగ్గుకు, రేకుకు మధ్య ఉన్నది పట్టుమని అర మిల్లీమీటరు కూడా కాదు. పానాతో బోల్టు విప్పితే కింద పచ్చటి చిలుము, దాని కింద గోధుమరంగు తుప్పు పొర, పక్కనే ఎప్పుడో కొట్టిన పెయింట్.

లైట్లు వేసి ఉండగానే కొలవమనడానికి కారణం ఉంది. చాలామంది మీటర్‌ను బీప్ మీద పెట్టి, కూత వినిపించగానే వైరు బాగుందనుకుంటారు. వైరులో ఒక్క రాగి పోగు మిగిలినా బీప్ వస్తుంది. కానీ 60 వాట్ల బల్బుకు 5 ఆంపియర్లు కావాలి. ఆ పోగు వల్ల అది కాదు. లోడ్ మీద, అంటే బల్బు వేసి ఉండగా, కొలిచిన లెక్కనే నమ్మండి.

బాగు చేసే పద్ధతి: ముందు బ్యాటరీ ఎర్త్ క్లాంపు తీసేయండి. రేకును, లగ్గును, బోల్టును ఎమరీ పేపర్‌తో తళతళలాడే దాకా రుద్దండి. పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించండి. వాసలీన్ ఆ తర్వాతే, పైన పూయాలి. లగ్గు దగ్గర వైరు తొడుగు కాస్త ఒలిచి చూడండి. రాగి నల్లబడి ఉంటే, మెరిసే రాగి వచ్చేదాకా కోసి కొత్త లగ్గు వేయాలి. నల్లబడిన రాగికి కొత్త లగ్గు వేయడం దండగ. మా కారుకు పని అయ్యాక 0.08 వచ్చింది.

వెనక లైట్లలో ఎర్త్ పోతే లక్షణం వేరుగా ఉంటుంది. బ్రేక్, పార్కింగ్ రెండిటికీ ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి: 21 వాట్లు, 5 వాట్లు. ఎర్త్ లేకపోతే బ్రేక్ కరెంట్ పార్కింగ్ ఫిలమెంటు గుండా ఎదురెక్కి, పార్కింగ్ వైరు పట్టుకుని, అవతలి ల్యాంపుల్లో ఎర్త్ వెతుక్కుంటుంది. అందుకే బ్రేక్ తొక్కితే పెద్దది వెలగదు, చిన్నది సన్నగా వెలుగుతుంది. బల్బు మారిస్తే ఇది పోదు. హోల్డర్ లోపల, దాన్ని బాడీకి పట్టి ఉంచే స్క్రూ దగ్గర చూడండి.

ఇంకొకటి, ఇది ప్రమాదం కాబట్టి చెప్పాలి. ఇంజన్‌కు, బాడీకి మధ్య ఒక జడలాంటి ఎర్త్ పట్టీ ఉంటుంది. అది తెగితే స్టార్టర్ లాగే వంద ఆంపియర్లకు పైబడిన కరెంట్ చోక్ కేబుల్ గుండానో, యాక్సిలరేటర్ కేబుల్ గుండానో పోవాలని చూస్తుంది. కేబుల్ కాలిపోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు చోక్ కేబుల్ వేడెక్కినట్టు అనిపిస్తే వెంటనే ఆపి, ముందు ఆ పట్టీని చూడండి.

వచ్చే పాఠం డైనమో గురించి. ఈలోగా నోట్‌బుక్‌లో నాలుగు కొలతలు రాసి ఉంచండి: రెండు హెడ్‌లైట్ల ఎర్త్‌లు, వెనక ల్యాంపు ఎర్త్ బ్రేక్ తొక్కి ఉండగా, ఇంజన్ బ్లాక్ స్టార్టర్ తిరుగుతుండగా. ఈ చివరిదానికి ముందు ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసి పెడితే ఇంజన్ అందుకోదు. అక్కడ 0.5 వోల్టు దాటకూడదు. పాజిటివ్ ఎర్త్ ఉన్న మరీ పాత బండి అయితే నల్ల ముల్లు పాజిటివ్ స్తంభం మీద పెట్టండి. మీటర్‌లో అంకె పక్కన మైనస్ గుర్తు వస్తే కంగారు పడొద్దు, అంకె మాత్రమే చూసుకోండి.