రెఫ్యూజియం పెట్టినా నైట్రేట్ దిగడం లేదా?

రెఫ్యూజియం అంటే ఉప్పునీటి చేపల ట్యాంకు కింద ఉండే సంపు తొట్టిలో, వేరే లైటు పెట్టి చీటో అనే సముద్రపు నాచును పెంచే భాగం. చేపల మేత, వ్యర్థాల వల్ల పెరిగే నైట్రేట్‌ను ఆ నాచు తాగేయాలని పెడతాం. కింద నైట్రేట్, ఫాస్ఫేట్ అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో.

"చీటో తెచ్చి సంపులో వేసి మూడు నెలలైందండి, నైట్రేట్ మాత్రం 30 దగ్గరే కూర్చుంది. లైటు మార్చమంటారా?" నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇదే. మార్చొద్దు. లైటు కొనేముందు, స్కిమ్మర్ (నురగతో నీటి మురికి తీసే పరికరం) కొనేముందు చెయ్యి తడుపుకుని ఆ చీటో ముద్దను ఒకసారి తిరగేయండి. ఇంతవరకూ ఎన్నిసార్లు కోసి పారేశారో గుర్తు చేసుకోండి. ఒక్కసారి కూడా లేదంటే మీ సమస్య అక్కడే దొరికింది. చీటో తాగిన నైట్రేట్ చీటో ఒంట్లోనే ఉంటుంది. ముద్దను బయటికి తీసినప్పుడే అది ట్యాంకు దాటినట్టు. రెండు మూడు వారాలకోసారి మూడోవంతు తీసేయాలి. ఎంత చెప్పినా జనం చెయ్యని పని ఇదే. పచ్చగా ముద్దుగా ఉందని అలాగే ఉంచేస్తారు.

సంపు, రిటర్న్ పంపు, ఉప్పు కలపడం, కిట్‌తో పరీక్ష మీకు వచ్చనే అనుకుని మిగతాది చెబుతున్నాను.

చీటో తెల్లబడి పొడిపొడిగా రాలిపోతోంది

పైన పచ్చగా, అడుగున తెల్లగా ఉంటే ముద్ద మరీ పెద్దదైందని అర్థం. అడుక్కి వెలుతురు అందదు, లోపల నీళ్లు తిరగవు. సగం తీసేసి, చిన్న పంపుతో ముద్ద నెమ్మదిగా దొర్లేలా చూడండి. లైటు ప్లగ్గు తీసి అద్దం మీద పేరుకున్న ఉప్పు తుడవండి. ఆ ఉప్పు పొర తుడిస్తే కొత్త లైటు పెట్టినట్టే వెలుగొచ్చిన ఇళ్లు చూశాను.

ముద్ద మొత్తం ఒకేసారి పాలిపోతే కిట్ తీయండి. నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ సున్నా చూపిస్తుంటే చీటో ఆకలితో చస్తోంది. ఫాస్ఫేట్ తీసే మీడియా సంచి ఉంటే బయట పెట్టండి. 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే చాలు.

సముద్రం నీళ్లు తెచ్చుకునేవాళ్లు ఉప్పదనం చూసుకోండి. వరదల నెలల్లో అంతర్వేది దగ్గర పట్టిన నీళ్లలో సగం గోదారే ఉండొచ్చు. 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35 పాళ్ల ఉప్పు) ఉండాలి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు ఎవరి చెరువు గట్టు మీద నుంచి తెచ్చారో గానీ, దాన్ని 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోకుండా నమ్మకండి. బోరు నీళ్లతో సున్నా పెట్టేవాళ్లకు చెప్పేదేం లేదు.

చీటో బాగా పెరుగుతోంది, కోస్తున్నాం కూడా, నైట్రేట్ అక్కడే ఉంది

దీని దగ్గర నేను ఆరు నెలలు, కొంత డబ్బు పోగొట్టుకున్నాను.

నాది సంపుతో కలిపి 250 లీటర్ల ట్యాంకు. సంక్రాంతి నాటికి నైట్రేట్ 10కి దిగింది. దాళ్వా (రబీ వరి) కోతలై, కాలువలు కట్టేశాక మే నెలలో చూస్తే మళ్లీ పైకెక్కింది. చీటో మాత్రం ఏపుగా ఉంది, పక్షానికోసారి కోస్తున్నాను. మేత తగ్గించాను. లైటు పెద్దది పెట్టాను. స్కిమ్మర్ మార్చాను. నీళ్లు మార్చిన మర్నాడు కూడా అంకె దిగలేదు. అదే నన్ను ఆపాల్సింది. ఐదోవంతు నీళ్లు మారిస్తే ఐదోవంతు దిగాలి కదా. దిగలేదంటే కొత్త నీళ్లలోనే నైట్రేట్ ఉందన్నమాట. కానీ అవి ఆర్వో నీళ్లు. ఆర్వో అంటే శుభ్రం అని మనసులో తాళం వేసేసుకున్నాను.

ఒకరోజు ఊరికే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) వంటింటి కుళాయి కింద పెడితే 260 చూపించింది. సంక్రాంతికి ముందు 20 ఉండేది. అమ్మనడిగితే తేలింది: "నీళ్లు చప్పగా ఉన్నాయంటే ఆ అబ్బాయి వచ్చి స్క్రూ తిప్పాడురా, తియ్యగా వస్తున్నాయి."

మనిళ్లలో ఆర్వో మెషీన్లలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న వాల్వు ఉంటుంది. మెంబ్రేన్ (ఆర్వోలో వడకట్టే పొర) దాటని పచ్చినీళ్లను అది రుచి కోసం శుద్ధి చేసిన నీళ్లలో కలుపుతుంది. ఆ స్క్రూ తిప్పింది జనవరిలో. అప్పుడు మాకు కాలువ నీళ్లు, టీడీఎస్ తక్కువ, కలిసినా తెలియలేదు. కాలువ కట్టేశాక మోటారు బోరుకి మార్చాం. స్క్రూ అదే, లోపలికొచ్చే నీళ్లు వేరు. బోరు నీళ్లకు కిట్ పెడితే నైట్రేట్ 40. తాగేనీళ్లకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది కాబట్టి మనిషికి తప్పేం కాదు. ట్యాంకుకి తప్పు.

ఎందుకంటే ట్యాంకులోంచి ఆవిరయ్యేది నీరు ఒక్కటే. దాంతో వచ్చిన సరుకంతా లోపలే మిగులుతుంది. ఎండాకాలం ఫ్యాను పెట్టానేమో, ఆవిరైనదానికి బదులు రోజుకి 5 లీటర్లు టాపప్ పోస్తున్నాను. ఆ నీళ్లలో నైట్రేట్ 10. అంటే రోజుకి 50 మిల్లీగ్రాములు, 250 లీటర్లలో 0.2, నెలకి 6.  చీటో పాపం ఒక పక్క తాగుతూనే ఉంది, నేను ఇంకో పక్క పోస్తూనే ఉన్నాను.

మీ ఇంట్లో ఇదేనా కాదా తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు. టాపప్ డబ్బాలోంచి గ్లాసెడు నీళ్లు తీసి టీడీఎస్, నైట్రేట్, ఫాస్ఫేట్ చూడండి. కిట్‌లో మంచినీళ్లకు వేరే రంగు కార్డు ఉంటే అదే వాడండి. ట్యాంకు నీళ్లు కాదు, టాపప్ నీళ్లు. ఇంత చెప్పినా ట్యాంకు నీళ్లే పరీక్ష చేసి నాకు ఫొటో పంపుతారు. ఇంకో ఆనవాలు: మీరు విడిగా ఏమీ పోయకుండానే కేహెచ్ (నీటి క్షారత) పెరుగుతూ ఉంటే బోరు నీళ్లు లోపలికి వస్తున్నట్టే. తుడిచిన అద్దం రెండ్రోజులకే గోధుమరంగుకి తిరిగితే సిలికేట్ కూడా వస్తోందనుకోండి.

సరిచెయ్యడం ఇలా. స్క్రూ మూసెయ్యమని చెబితే సరిపోదు, మళ్లీ ఎవరో ఒకరు తెరుస్తారు. మెంబ్రేన్ నుంచి నీళ్లొచ్చే పైపుకి, ఆ వాల్వు కంటే ముందు, ఒక టీ జాయింటు పెట్టి విడిగా లైను తీయించండి. మినరల్ కార్ట్రిడ్జి కూడా ఈ లైనులోకి రాకూడదు. దానికి డీఐ రెజిన్ (మిగిలిన లవణాలు లాగేసే గుళికలు) తగిలించండి. మీటరు సున్నా చూపించాలి, 5 కాదు. మెషీన్ ఆన్ చేసిన మొదటి లీటరో రెండో పారబోయండి, ఆగి ఉన్న మెంబ్రేన్ మొదట వదిలే నీళ్లలో టీడీఎస్ ఎక్కువ ఉంటుంది. బోరు మీద నడిపితే రెజిన్ తొందరగా అయిపోతుంది, రంగు మారేది కొనుక్కోండి. ఉప్పు కలిపేది కూడా ఈ నీళ్లలోనే. రెండు మూడుసార్లు ఐదోవంతు మార్చి, నెలా నెలన్నర ఆగండి. అప్పుడు చీటో పని అంకెల్లో కనబడుతుంది. వంటింటి కుళాయి జోలికి నేను వెళ్లలేదు, అమ్మకి ఆ తీపే కావాలి.

క్యాన్ నీళ్లు కొనేవాళ్లకూ ఇదే మాట. ప్లాంటు వాళ్లు కూడా రుచి కోసమే కలుపుతారు.

తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, పీహెచ్ పడిపోతోంది

రెఫ్యూజియం లైటు రాత్రి వెలగాలి, పైన ట్యాంకు లైటు ఆరినప్పుడు. చక్రం తిప్పే టైమరు వాడుతున్నారా? కరెంటు పోయినంతసేపూ అది ఆగిపోతుంది. రోజుకి రెండు గంటలు కోత ఉంటే ఆరు రోజుల్లో పన్నెండు గంటలు వెనకబడుతుంది. మీరు పడుకున్నాక చీటో కూడా చీకట్లో పడుకుని, ఉన్న ఆక్సిజన్ వాడుకుంటోంది. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు పెట్టండి. మార్చేదాకా రాత్రి పదింటికి ఒకసారి సంపు తలుపు తీసి చూడండి, అంతే.

కరెంటు పోతే గదిలో నీళ్లు

రిటర్న్ పైపు మూతి నీళ్లలోకి మరీ లోతుగా ఉంది, వెనక్కి లాగేస్తోంది. మూతి పైకి లేపండి, నీటిమట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం పెట్టి దాన్ని నెలకోసారి పుల్లతో శుభ్రం చెయ్యండి. ఇప్పుడే పంపు ఆపి ఎంత నీరు దిగుతుందో చూసుకుని సంపు మీద గీత గీయండి.

ఎప్పుడో ఒకసారి వచ్చేవి

నత్తలు, పాడ్స్ (రొయ్య జాతి సన్న పురుగులు) ఒక్కసారిగా చస్తే రాగి చూడండి. చెరువు మందు కలిపిన బకెట్టే ట్యాంకుకి కూడా వాడారేమో అడగండి. చీటో బదులు కాలర్పా అనే ఇంకో నాచు వేశాక ఒక్క రాత్రిలో నీళ్లు పాలలా అయితే అది బీజకణాలు వదిలింది. మొత్తం తీసేసి, నీళ్లు మార్చి, స్కిమ్మర్ ఆపకుండా నడపండి. నేనైతే కాలర్పా మళ్లీ వెయ్యలేదు.